ఇరవై నాలుగు డిగ్రీల నక్షత్రం

మా సంస్థలో ఏ యంత్రమూ ఇరవై నాలుగు డిగ్రీలకంటే చల్లగా ఉండరాదని ఉత్తర్వు వచ్చిన రోజున అందరికంటే ఎక్కువ సంతోషించినవాణ్ణి నేనే. కరెంటు ఆదా చేయాలని ఐదో తరగతిలో చదువుకున్నాను. పుస్తకంలో రాసిన మాటను ఇన్నాళ్లకు ఎవరో అమలు చేస్తుంటే సంతోషించకుండా ఎలా ఉంటాను? పైగా బేతంచెర్లలో మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫ్యాను. అదీ తిరిగేది తక్కువ, మూలిగేది ఎక్కువ. ఇరవై నాలుగు డిగ్రీలంటే మాకు కొడైకెనాల్.

ఆ ఉత్తర్వు వచ్చి తగిలేది నాకేనని సాయంత్రం దాకా తెలియలేదు.

నా పేరు మద్దిలేటి. మా అమ్మ బండల ఫ్యాక్టరీలో పాలిష్ పని చేస్తుంది. మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. ఈ కొండమీది ఖగోళ పరిశోధనా సంస్థలో నా పని నక్షత్రాల దుమ్ము చూడటం. మాట వరసకు కాదు, నిజంగానే దుమ్ము. ముసలి నక్షత్రాలు దగ్గుతాయి. దగ్గినప్పుడల్లా వాటి ఒంట్లోంచి సన్నటి రాతిపొడి బయటికొచ్చి చుట్టూ మబ్బులా నిలుస్తుంది. ఆ పొడి కంటికి కనబడదు. కానీ గోరువెచ్చగా ఉంటుంది. ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేశాక కూడా చెంప దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది చూడండి, అలాంటి వేడి. దాన్నే పరారుణ కాంతి అంటారు. ఆ కాంతిని విడగొట్టి గ్రాఫ్ గీస్తే ఒక్కో రాయి ఒక్కో చోట గూనిలా పైకి లేస్తుంది. గూనిని బట్టి రాయి పేరు చెప్పెయ్యొచ్చు.

ఒకటే షరతు. చూసే కెమెరా బాగా చల్లగా ఉండాలి. తనే వెచ్చగా ఉన్న కెమెరా నక్షత్రాల వేడి చూడబోవడం, ఒళ్లు కాలిపోతున్నవాడు పక్కవాడి నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందో లేదో చెప్పడం లాంటిది. అందుకే మా కెమెరాకు తగిలించిన శీతల యంత్రం ఒకటి ఎప్పుడూ గురగురమంటూ దాన్ని సున్నాకి రెండువందల అరవై డిగ్రీల కింద ఉంచుతుంది.

నా సిద్ధాంత గ్రంథానికి ఇంకొక్క నక్షత్రం మిగిలింది. అదీ ముసలిదే, అన్నిటికంటే ఎక్కువ దగ్గేది. రోజురోజుకీ పడమటికి జారుతోంది. ఉగాది నాటికి సూర్యుడి చాటుకు పోతుంది. నా ఫెలోషిప్ కూడా సరిగ్గా అప్పటికే అయిపోతుంది. మా గైడు హేమనళిని మేడం ఖండితంగా చెప్పారు: "ఈ నక్షత్రానికి ఒక్క మంచి గ్రాఫ్ తీసుకురా, సంతకం పెడతా. లేకపోతే ఇన్నాళ్లు తీసినవన్నీ ముక్కు లేని ముఖాలు." సంతకం పడకపోతే ఏం చెయ్యాలో కూడా ముందే ఖాయమైపోయింది. అమ్మ పనిచేసే ఫ్యాక్టరీ యజమాని సేటు నాకోసం సూపర్‌వైజర్ కుర్చీ ఒకటి ఖాళీగా ఉంచాడు. "చుక్కలు లెక్కబెట్టినోనికి బండలు లెక్కబెట్టడం ఒక లెక్కా?" అని ఊళ్లో అందరి ముందూ అన్నాడట.

ఉత్తర్వు వచ్చిన సాయంత్రం పరిపాలనాధికారి కోదండపాణి గారు ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని, పెద్ద దూరదర్శిని ఉన్న గోపురం గదిలోకి వచ్చారు. ఎలక్ట్రీషియన్ చేతిలో '24' అని అచ్చేసిన గుండ్రటి స్టిక్కర్ల దస్తా ఉంది. వచ్చే దారిలో నీళ్ల కూలరుకు, గడియారానికి, గోడకు కూడా అంటించుకుంటూ వచ్చారు.

"ఇక్కడ ఎంత ఉంది?" అన్నారు కోదండపాణి గారు.

"మైనస్ రెండువందల అరవై సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "ఏమయ్యా, ఐసుఫ్రూట్లు అమ్ముతున్నావా ఇక్కడ?"

నేను జ్వరం ఉదాహరణ చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. విని, జేబులోంచి ఉత్తర్వు తీసి చదివారు: "'సంస్థ ప్రాంగణమందలి ఏ యంత్రమైనను.' విన్నావా? 'ఏ యంత్రమైనను' అన్నారే గాని 'మద్దిలేటి యంత్రము మినహా' అనలేదు. సదరు ఉత్తర్వును ఉల్లంఘించడానికి నాకే అధికారం లేదు, నీ కెమెరాకు ఎక్కడిది?"

"చల్లగా లేకపోతే అది నక్షత్రాన్ని చూడలేదు సార్."

"మేమంతా ఇరవై నాలుగులో కూర్చుని ఫైళ్లు చూడటం లేదా?"

ఎలక్ట్రీషియన్ మీట తిప్పాడు. చాలా ఏళ్లుగా గురగురమన్న యంత్రం ఒక్కసారి దీర్ఘంగా నిట్టూర్చి ఊరుకుంది. కెమెరా నెత్తిన స్టిక్కరు అంటించారు.

మర్నాటికి కెమెరా గది వేడికి వచ్చేసింది. గ్రాఫ్ గీస్తే కాగితం అంచుదాకా పెద్ద గూని లేచింది. ఇందులో వింతేమీ లేదు. గది వేడిలో ఉన్న ఏ వస్తువైనా సరిగ్గా ఇసుకరాళ్ల గూని వచ్చే చోటే ఎక్కువగా వెలుగుతుంది. గోడ, బల్ల, బకెట్టు, నేను, అందరం అక్కడే వెలుగుతాం. కెమెరా తన ఒంటి వేడిని తానే చూసుకుని మురిసిపోతోంది. యంత్రం పాడైతే పైవాళ్లకు తెలియజేయడం నా ధర్మం గనక గ్రాఫ్ తీసుకుని డైరెక్టర్ డాక్టర్ అనంతభూషణం గారి గదికి వెళ్లాను.

ఆయన గ్రాఫ్‌ను రెండు చేతులా పట్టుకున్నారు. "ఇంత పెద్ద సంకేతం మన సంస్థ చరిత్రలో ఎప్పుడైనా వచ్చిందా?"

"రాలేదు సార్. అదే చెబుదామని..."

"పద."

గోపురం గదిలో ఆయనే స్వయంగా నిలబడి దూరదర్శినిని ఇంకో నక్షత్రం మీదికి తిప్పించారు. అదే గూని. మరో నక్షత్రం. అదే గూని. నక్షత్రమే లేని ఖాళీ చోటు. అక్కడా అదే గూని.

"అంటే..." డైరెక్టర్ గారు గ్రాఫ్‌ను గుండెకు హత్తుకున్నారు. "విశ్వమంతా ఒకటే ఖనిజం! మన పూర్వులు అంతటా ఉన్నది ఒక్కటేనన్నారు. ఆ ఒక్కటీ ఇసుకేనని తేల్చే భాగ్యం మనకు దక్కింది."

"సార్, మూత పెట్టినా ఇలాగే వస్తోంది."

"ఏ మూత?"

"దూరదర్శిని మూత సార్. ఇనపది." నేను మూత బిగించి చూపించాను. గూని ఏమీ తగ్గలేదు.

డైరెక్టర్ గారు మూతను గౌరవంగా తడిమారు. "ఇనపమూతను కూడా చీల్చుకుని వస్తోందా? అంత బలమైన కాంతా! మద్దిలేటీ, ఈ మాట ముందే చెప్పొద్దూ!"

మర్నాడు పేపర్లో ఆయన ఫోటో, మూత ఫోటో పక్కపక్కన వచ్చాయి.

హేమనళిని మేడం ఆ పేపరు మీద ఉప్మా ప్లేటు పెట్టుకుని తింటున్నారు. "చూడు మద్దిలేటీ, నాకు రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. ఈయనతో పోట్లాడితే నా పెన్షన్ ఫైలు ఏ బీరువా కిందికో పోతుంది. పోట్లాడను. కానీ తన బొడ్డు తాను చూసుకునే కెమెరా గీసిన బొమ్మ మీద మాత్రం నా సంతకం పడదు. నువ్వేం చేస్తావో నాకు తెలియదు. ఒక్క చల్లటి సాయంత్రం సంపాదించు."

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "పేపర్లో వచ్చిందంట గదా మీ ఆపీసు. సేటు సదివి సెప్పినాడు. సుక్కల మీద అంతా రాతిపొడేనంట."

"కొన్నిటి మీద ఉంటుందమ్మా. వాళ్లు అన్నిటి మీదా ఉందంటున్నారు."

"ఐతే ఆడ గూడా ఫ్యాక్టరీలు ఉండాయా?"

"లేవమ్మా. చుక్కలే ఊదుతాయి."

"పాపం," అంది అమ్మ. ఎవరిని అందో అడగలేదు. కాసేపు దగ్గి, "ఉగాదికి నీ సదువు అయిపోతాది గదా? సేటు అడుగుతాండాడు, కుర్చీ ఉంచల్లా, తీసెయ్యల్లా అని," అంది.

"తీసెయ్యమను," అన్నాను. అని, ఫోన్ పెట్టేశాక భయమేసింది.

మూత పెట్టినా నక్షత్రాలు కనిపిస్తాయని తేలాక సంస్థలో సంస్కరణలు వరద కట్టాయి. మూత ఉన్నప్పుడు గోపురం తెరవడం దేనికని గోపురం తలుపు మోటారుకు విశ్రాంతి ఇచ్చారు. గోపురం మూసే ఉంటుంది గనక మబ్బులున్నా ఇబ్బంది లేదు. మబ్బులతో ఇబ్బంది లేనప్పుడు చీకటితో మాత్రం ఏం పని? "రాత్రిపూట మాత్రమే నక్షత్ర పరిశీలన చేయుట అనెడి వలసకాలపు దురాచారమునకు ఇందుమూలముగా స్వస్తి పలకడమైనది" అని కోదండపాణి గారు సర్క్యులరు వేశారు. ఇకనుంచి నక్షత్రాలను ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం ఐదు వరకు, మధ్యలో భోజన విరామంతో చూడాలి. ఆదివారాలు, రెండో శనివారాలు నక్షత్రాలకు సెలవు.

దేశంలో ఏ సంస్థా ఇన్ని నక్షత్రాలను ఇంత తొందరగా చూసి ఉండదు. ఇదివరకు ఒక నక్షత్రానికి వారం పట్టేది. ఇప్పుడు టైపిస్టు రంగనాయకి గారు ఊలు అల్లుకుంటూనే పూటకు నలభై తేల్చేస్తున్నారు. అన్నిటిదీ ఒకటే గ్రాఫ్ గనక ఒకసారి గీసి జిరాక్సు తీస్తే సరిపోతుంది. ఆ జిరాక్సుకు 'ప్రామాణిక నక్షత్రం' అని పేరు పెట్టారు.

దాన్ని చూడటానికి ఒక ముఖ్య అతిథి వచ్చారు. ఆయన వెనక ఒక ఊరు ఊరంతా వచ్చింది. గోపురం గదిలో ఊపిరాడలేదు. అంతమంది ఒంటి వేడికి గది ఉడికింది. గది వేడెక్కేసరికి తెర మీద గూని మెల్లగా లేచి లేచి చివరికి తెర పై అంచుకు తగిలింది.

డైరెక్టర్ గారు చేతులు జోడించారు. "చూశారా సార్! తమరు అడుగుపెట్టగానే నక్షత్రం ఎలా పొంగిపోయిందో!"

"మా ఏరియాలో కూడా కనిపిస్తదా ఇది?" అన్నారు ముఖ్య అతిథి.

"ప్రత్యేకంగా అక్కడే సార్."

నేను వెనక నిలబడి, గది వేడెక్కితే గూని పెరుగుతుందని పక్కనున్న విలేకరికి నెమ్మదిగా చెప్పాను. ఆయన రాసుకున్నాడు కూడా. మర్నాడు 'భూతాపంతో నక్షత్రాలకు ముప్పు: యువ శాస్త్రవేత్త ఆవేదన' అని వచ్చింది. కోదండపాణి గారు పిలిచి, అనుమతి లేకుండా ఆవేదన చెందినందుకు మెమో ఇచ్చారు.

ఇక లాభం లేదని, మెమో తీసుకున్న చేత్తోనే ఉత్తర్వు పూర్తి ప్రతి అడిగాను. చివరి పేజీలో మినహాయింపులున్నాయి. మూడే: మందులు, మృతదేహాలు, ఆహార పదార్థాలు. వీటిని చల్లబరిచే యంత్రాలకు ఇరవై నాలుగు వర్తించదు.

నేను నిజాయితీగా ఆలోచించాను. మందు కాదు. తిండి అంతకంటే కాదు. రెండోది కొంత దగ్గరగా అనిపించింది. దరఖాస్తు రాసుకుని వెళ్లాను.

"మృతదేహమా?" కోదండపాణి గారు కుర్చీలో ముందుకు వంగారు. "ఎవరిది?"

"నక్షత్రానిది సార్. అది చనిపోతోంది."

"పోతోందా, పోయిందా?"

"పోతోంది సార్. ఇంకో కొన్ని వేల ఏళ్లు పడుతుంది."

"అలాగైతే అది రోగి. మృతదేహం కాదు. పోయాక రా. వచ్చేటప్పుడు సివిల్ సర్జన్ ధ్రువపత్రం, దేహం ఈ ప్రాంగణంలోనే ఉన్నట్టు వాచ్‌మన్ రాసిచ్చిన కాగితం తీసుకురా." ఆయన దరఖాస్తు వెనక్కి నెట్టారు. నేను కదలకపోవడం చూసి కాస్త మెత్తబడ్డారు. "చూడబ్బాయ్, నేను నిబంధనల మనిషినే గాని రాతిగుండె మనిషిని కాదు. మృతదేహం కింద ఇవ్వలేను. మందు కింద ఇవ్వలేను. ఆహారం కిందనైతే ఆలోచించవచ్చు. అయితే తత్సంబంధిత యంత్రం క్యాంటీన్ ఆస్తి అయి ఉండాలి. క్యాంటీన్ ఆవరణలోనే ఉండాలి. అందులో ఏదో ఒక ఆహార పదార్థం నిల్వ ఉండాలి. ఈ మూడూ సమకూరితే అది మైనస్ ఎంతలో ఉందో అడిగే అధికారం నాకు లేదు."

ఆయన వేళాకోళం చేస్తున్నారేమోనని ముఖంలోకి చూశాను. లేదు. వేళాకోళానికి ఆయన దగ్గర ఫారం లేదు.

చల్లబరిచే పని లేదు గనక గోపురానికి స్టోర్సులోని పాత కెమెరా ఒకటి చాలింది; మా కెమెరాను క్యాంటీన్ ఆస్తిగా రాయించుకున్నాను. క్యాంటీన్ మేనేజరు వలీ భాయ్. పొగాకు అమ్మను అన్న నియమం తప్ప ఆయనకు వేరే నియమాలు లేవనుకునేవాణ్ణి. పొరపాటు. కెమెరాను శీతల యంత్రంతో సహా అట్టపెట్టెలో పెట్టుకుని వెళితే గుమ్మంలోనే ఆపాడు.

"ఏందప్పా ఇది? వెజ్జా, నాన్‌వెజ్జా?"

"కెమెరా భాయ్."

"కెమెరా అని రాస్తే ఫుడ్ ఇన్‌స్పెక్టరు నన్ను నూనెలో ఏస్తాడు. ఫ్రిజ్జులో పెట్టే ప్రతిదానికీ పచ్చచుక్కో ఎర్రచుక్కో ఉండల్ల. సెప్పు, దీంట్లో ఏముంటాది?"

"రాళ్లను చూస్తుంది."

"రాయైతే వెజ్జే," అని ఆయనే పచ్చచుక్క అంటించాడు. '24' స్టిక్కరు మీదనే అంటించాడు. అది చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ఉల్లిపాయలు అనుకున్నాడు.

నిబంధన ప్రకారం శీతల యంత్రం పై అరలో ఒక గిన్నె పెరుగు పెట్టాం. ఫ్రిజ్జులో ఉన్నది మెనూ పలక మీద రాయాలన్నది క్యాంటీన్ నియమం. మర్నాటి నుంచీ పలక మీద ఇలా ఉండేది: ఇడ్లీ, ఉగ్గాణి బజ్జి, పూరి, పరారుణ కెమెరా. చివరి దాని పక్కన సుద్దముక్కతో 'అయిపోయింది' అని రాసేవాడు వలీ భాయ్. అయినా స్టోర్స్ గుమాస్తా ఒకాయన రెండుసార్లు అడిగాడు, ప్లేటు ఎంతని.

క్యాంటీన్ డాబా మీద బడిపిల్లలకు చందమామను చూపించే చిన్న దూరదర్శిని ఒకటి ఉంది. పెద్దదాని ముందు అది బొమ్మ. కానీ దానికి పైన కప్పు లేదు. ఆకాశం ఉంది. కెమెరాను దానికి బిగించి శీతల యంత్రం మీట తిప్పాను. గురగుర మొదలైంది. తప్పిపోయిన గేదె ఇంటికి తిరిగొచ్చి అరిచినట్టు ఉంది నాకు.

అప్పటికి ఉగాదికి ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి. నక్షత్రం సూర్యుడి వెనకే దిగిపోతోంది. సూర్యుడు కొండ దిగాక, అది దిగేలోపు, మధ్యలో కాస్తంత సందు. మొదటి సాయంత్రం మబ్బు. రెండో సాయంత్రం ఆకాశం శుభ్రంగా ఉంది గాని గ్రాఫ్ వంకర్లు పోయింది. కిందికి తొంగిచూస్తే సరిగ్గా డాబా కింద, దూరదర్శిని ముందు, వలీ భాయ్ బజ్జీల మూకుడు. నూనె వేడి పొగ నక్షత్రానికీ నాకూ మధ్య నాట్యమాడుతోంది.

"భాయ్, సాయంత్రంపూట పొయ్యి ఆర్పాలి."

"సాయంత్రం బజ్జీలు ఎయ్యకపోతే నాకు బేరమెప్పుడు? నీ సుక్క పొద్దున రాదా?"

"రాదు భాయ్. ఇంకో మూడు నాలుగు సాయంత్రాలే ఉంటుంది. తర్వాత సూర్యుడి చాటుకు పోతుంది. అది మళ్లీ వచ్చేసరికి నేను బేతంచెర్లలో బండలు లెక్కపెడుతుంటాను."

వలీ భాయ్ జల్లిగరిటెతో మూకుడు అంచు మీద కొట్టాడు. కానీ మర్నాడు పొద్దుగుంకే వేళకు పొయ్యి ఆర్పేసి, బజ్జీలకోసం వచ్చిన వాళ్లందరినీ "ఈపొద్దు లేవు, పోండి, పోండి, పైన పురుడు జరగతాంది" అని తరిమేశాడు. కోదండపాణి గారిని కూడా తరిమాడు. ఆయన ఏ నిబంధన కింద బజ్జీలు లేవని గట్టిగా అడగడం పైకి వినిపించింది.

కొండ మీద ఇంకా ఎరుపు పోలేదు. నక్షత్రం దొరికింది. మూత తీసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నా ఊపిరి కూడా వెచ్చనిదే కదా.

తెర మీద గీత మొదలైంది. కాగితం దాటే పెద్ద గూని కాదు. చిన్నగా, నున్నగా లేచి, దిగేచోట ఒక సన్నటి ముక్కు పొడుచుకొచ్చింది. ఉత్త పొడైతే గూని నున్నగా ఉంటుంది. ముక్కు ఉందంటే ఆ పొడిలో స్ఫటికాలున్నాయి. ఒలివిన్ అనే పచ్చరాయి. ఎన్నో వందల ఏళ్ల కిందట ఆ ముసలి నక్షత్రం దగ్గినప్పుడు చల్లారి గడ్డకట్టిన రాయి. ఆ వేడి ఇంత దూరం నడిచొచ్చి, పెరుగు గిన్నె కింద ఉన్న కెమెరాలో పడింది.

వలీ భాయ్ మెట్లెక్కి వచ్చాడు. "ఏం పుట్టింది?"

"రాయి భాయ్. పచ్చరాయి."

"ఇంత కత జేసి రాయా?" అన్నాడు. అని, తెరను వంగి చూసి, "అయినా నేను పచ్చసుక్క బెట్టింది కరెక్టే," అన్నాడు.

హేమనళిని మేడం ఆ గ్రాఫ్‌ను కిటికీ వెలుగులో పట్టుకుని చూశారు. వేలితో ఆ ముక్కును నిమిరి, పెన్ను తీసి సంతకం పెట్టారు. పెన్షన్ ఫైలు ఊసెత్తలేదు.

ఆ పైన సంస్థ సమీక్షా సంఘం కూర్చుంది. డైరెక్టర్ గారు నా గ్రాఫ్‌ను, ప్రామాణిక నక్షత్రం జిరాక్సును పక్కపక్కన పెట్టారు.

"మన సంస్థ పరిశీలించిన కొన్ని వేల నక్షత్రాలలో అన్నీ ఒక్క మాట మీద నిలబడ్డాయి. ఇదొక్కటే ఎందుకు వేరుగా ఉంది? ఇందులో క్రమశిక్షణ లోపం కనిపిస్తోంది."

"నక్షత్రానిదా సార్, నాదా?"

"అది విచారణలో తేలాలి."

కోదండపాణి గారు గొంతు సవరించుకున్నారు. "ఒక విజ్ఞప్తి. ఈ గ్రాఫ్ క్యాంటీన్ ఆవరణలో, క్యాంటీన్ ఆస్తి అయిన పరికరంతో, క్యాంటీన్ పనివేళల్లో తయారైనది. కాబట్టి ఇది క్యాంటీన్ ఉత్పత్తి. క్యాంటీన్ ఉత్పత్తుల రుచికి సంస్థ బాధ్యత వహించదని బోర్డు కూడా ఉంది. ఈ సిద్ధాంత గ్రంథాన్ని ఖగోళ శాఖ తనదని ఒప్పుకోనక్కర్లేదు, కాదననూ అక్కర్లేదు. క్యాంటీన్ శాఖ తరఫున పంపితే మనకు మచ్చ రాదు."

డైరెక్టర్ గారి ముఖం విప్పారింది. అక్కడికక్కడే తీర్మానమైంది. శాఖాధిపతి సంతకం చోట మాత్రం చిక్కు వచ్చింది. దానికీ కోదండపాణి గారి దగ్గర జవాబుంది.

"నేను ఏడో తరగతి తప్పినోణ్ణి," అన్నాడు వలీ భాయ్, చేతులు తుడుచుకుంటూ. "సంతకం బెడితే రేపు నన్ను యాడికన్నా ఈడ్చకపోరు గదా?"

"పోరు భాయ్. నా పని సరిగ్గా జరిగిందని ఒప్పుకోవడమే."

"అది నాకు తెలుసు గదప్పా. నేనుండా గదా ఆపొద్దు." సంతకం పెట్టి, వేలు చూపించాడు. "ఒకటి మాత్రం రాయి. నీకోసరం ఆ సాయంత్రం పొయ్యి ఆర్పినానని. బేరం బోయినా పేరన్నా రావల్ల."

రాశాను. కృతజ్ఞతల పేజీలో మా అమ్మ పేరు తర్వాతి వాక్యం అదే.

మౌఖిక పరీక్షకు బయటి ఊరినుంచి ఒక పెద్దాయన వచ్చారు. చెవికి మిషను. నా గ్రంథం అట్ట నుంచి అట్ట దాకా చదివారని, మార్జిన్లలో ఆయన పెన్సిలు గీతలే చెప్పాయి. ఆ సన్నటి ముక్కు గురించి నన్ను అటు తిప్పి ఇటు తిప్పి అడిగారు. నేను చెప్పినదానికల్లా తలూపారు. చివరికి పుస్తకం మూసి డైరెక్టర్ గారి వైపు తిరిగారు.

"నాకు ఒక్కటి అర్థం కావడం లేదండీ. మీ ప్రధాన గోపురం నుంచి వచ్చిన నివేదికలన్నీ చూశాను. అందులో నక్షత్రం అన్నది ఒక్కటీ లేదు. ఈ మొత్తం సంస్థలో నమ్మదగ్గ గ్రాఫ్ ఒకే ఒక్కటి, అదీ క్యాంటీన్ నుంచి వచ్చింది. ఎందుకంటారు?"

డైరెక్టర్ గారు చిరునవ్వు నవ్వారు. "మా దగ్గర క్యాంటీన్ క్వాలిటీ మొదటినుంచీ బాగుంటుందండీ."

పట్టా వచ్చింది. దాని మీద 'శాఖ: క్యాంటీన్' అని ఉంది. ఊరికి తీసుకెళితే సేటు చదివి పగలబడి నవ్వాడు. "ఇన్నేండ్లు సదివి వంటోడైనావా రా!" అమ్మ అతని చేతిలోంచి పట్టా లాక్కుని, కొంగుతో తుడిచింది. కొంగు మీది రాతిపొడి దానికే అంటింది. మళ్లీ తుడిచింది, మళ్లీ అంటింది. "నువ్వు నా ముక్కుకు గుడ్డ ఇయ్యనీకె ఏడుస్తావు. వాడు యాడో సుక్క దగ్గితే కనుక్కున్న్యాడు," అంది సేటుతో. తర్వాత నాతో, "కుర్చీ తీసెయ్యమని సెప్పినా," అంది.

ఇప్పుడు నేను ఇక్కడే, క్యాంటీన్ శాఖలో శాస్త్రవేత్తగా ఉన్నాను. వంటసహాయకుడి స్కేలు. నా దగ్గర ఇద్దరు విద్యార్థులు చేరారు. సాయంత్రాలు వలీ భాయ్ బజ్జీలు వేసే చోటు డాబా వెనక్కి మార్చుకున్నాడు. నక్షత్రం సూర్యుడి చాటునుంచి మళ్లీ బయటికి వచ్చింది, ఇంకా దగ్గుతోంది.

మా సంస్థకు కరెంటు ఆదాలో మొదటి బహుమతి వచ్చింది. ఆ ఉత్సాహంతో ఈ వేసవిలో ఉత్తర్వును సవరించి ఇరవై నాలుగును ఇరవై ఆరు చేశారు. పాత స్టిక్కర్ల మీద కొత్తవి అంటించారు. గోపురం గది రెండు డిగ్రీలు వేడెక్కింది. విశ్వంలో ఖనిజ ధూళి చెప్పుకోదగినంతగా పెరిగిందని డైరెక్టర్ గారు నిన్ననే ప్రకటించారు.

క్యాంటీన్ వైపు మాత్రం పెరగలేదు.